పంటలో రేడియోధార్మికతను కొలిచే పద్ధతి: పొలం నుంచి ప్రయోగశాల దాకా

అణు విద్యుత్ కేంద్రం సమీపంలో పండిన పంటలో రేడియోధార్మిక పదార్థం ఉందా అని అడిగితే ఎక్కడైనా ఉందనే జవాబు వస్తుంది, ఎందుకంటే ఏ కేంద్రమూ లేని ఊళ్లో పండిన పంటలోనూ అది ఉంటుంది. కిలో మినుముల్లో సహజమైన పొటాషియం-40 ఒక్కటే 300 బెక్వెరళ్ల చుట్టూ ఉంటుంది. అంటే ఆ కిలోలో సెకనుకు 300 కేంద్రకాలు విచ్ఛిన్నమవుతుంటాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది: ఏ ఐసోటోపు (మూలకంలో ఏ రకం పరమాణువు) ఉంది, కిలోకు ఎంత ఉంది, ఏ తేదీన తీసిన నమూనాలో ఉంది, అదే పొలంలో అంతకుముందు ఎంత ఉండేది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని అంకె ఎంత పెద్దదైనా భయపడనవసరం లేదు, ఎంత చిన్నదైనా నిశ్చింతగా ఉండనవసరం లేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అణు విద్యుత్ కేంద్రం లేదు. దగ్గరలో ఉన్నది తమిళనాడు తీరంలోని కల్పాక్కం. అక్కడ 220 మెగావాట్ల రెండు భారజల రియాక్టర్లు 1980ల నాటివి, నెల్లూరు నుంచి నేరుగా కొలిచినా అవి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి. మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కేంద్రం కట్టే ప్రతిపాదన ఉంది. ఇంత దూరంలో ఉన్నవారు ఈ పద్ధతి నేర్చుకోవడం దేనికని అనిపించవచ్చు. అయితే ఏ కేంద్రమూ రాకముందు, ఏ ప్రమాదమూ జరగకముందు తీసిన కొలతే తరువాతి కొలతలన్నిటికీ ఆధారం. బాబా అణు పరిశోధన కేంద్రం ప్రతి అణు విద్యుత్ కేంద్రం వద్దా పర్యావరణ సర్వే ప్రయోగశాలను రియాక్టరు మొదలుకాక ముందే ఏర్పాటు చేయడానికి కారణం అదే. పైగా మన నేలలోనే సహజ రేడియోధార్మికత ఒకచోట ఉన్నట్టు మరొకచోట ఉండదు. గూడూరు, సైదాపురం వైపు గనుల్లో దొరికే తెల్ల అభ్రకం బరువులో దాదాపు పదో వంతు పొటాషియమే, అంటే కిలోకు సుమారు 3,000 బెక్వెరళ్లు. కృష్ణపట్నం పక్కనున్న థర్మల్ కేంద్రాల బూడిదలో, బొగ్గు కాలిపోగా మిగిలిన యురేనియం, థోరియం వర్గాల పదార్థాలు గాఢంగా చేరి ఉంటాయి. వీటిని ముందుగా లెక్కలో పెట్టుకోకపోతే, రేపు ఏదైనా పెరుగుదల కనబడినప్పుడు అది ఎక్కడిదో ఎవరూ తేల్చలేరు.

దేని కోసం వెతకాలి

రియాక్టరు నుంచి వచ్చి పంటలో చేరగల పదార్థాల్లో ముఖ్యమైనవి కొన్నే. సీజియం-137 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, 30 ఏళ్లు. రసాయన స్వభావంలో పొటాషియానికి దగ్గర కాబట్టి మొక్క దాన్ని పొటాషియంతో పాటు వేళ్ల ద్వారా తీసుకుంటుంది. సీజియం-134 అర్ధాయువు రెండేళ్ల పైన కొద్ది రోజులు మాత్రమే. అయోడిన్-131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది, కానీ గడ్డి మీద పడి, పశువు తిని, పాలలోకి రావడానికి దానికి రెండు మూడు రోజులు చాలు. స్ట్రాన్షియం-90 కాల్షియం వలె ప్రవర్తిస్తుంది. కల్పాక్కం, కర్ణాటకలోని కైగా వంటి భారజల రియాక్టర్ల విషయంలో ట్రిటియంను (రేడియోధార్మిక హైడ్రోజన్‌ను) తప్పక చూడాలి, ఎందుకంటే అది నీటి రూపంలోనే ఉండి, నీరు చేరిన చోటికల్లా చేరుతుంది.

సీజియం-137 కనబడగానే దగ్గరలోని కేంద్రాన్ని అనుమానించడం తొందరపాటు. 1950, 60 దశకాల్లో వాతావరణంలో జరిపిన అణ్వాయుధ పరీక్షల శేషం నేటికీ ప్రపంచమంతటా పైమట్టిలో కొద్దికొద్దిగా ఉంది. ఆ పేలుళ్లలో సీజియం-134 దాదాపుగా పుట్టదు. అది రియాక్టరు ఇంధనంలో తయారయ్యే పదార్థం. కనుక రెండూ కలిసి కనబడితే ఇటీవల రియాక్టరు నుంచి వచ్చినదని, 137 ఒక్కటే అతి తక్కువగా కనబడితే చాలావరకు పాత శేషమని అర్థం చేసుకోవాలి. 2011లో ఫుకుషిమా నుంచి వెలువడినప్పుడు ఈ రెండింటి పాళ్లు దాదాపు సమానంగా ఉండేవి.

జేబు మీటరుతో ఎంత తెలుస్తుంది

రేడియేషన్‌ను క్లిక్కులుగా లెక్కించే, ఆన్‌లైన్‌లో దొరికే గైగర్ మీటరును బియ్యం బస్తా మీద పెట్టి చూసి, అంకె పెరగలేదు కాబట్టి బియ్యం శుభ్రంగా ఉన్నాయని చెప్పడం, ఒకసారి పెరిగింది కాబట్టి కలుషితమని చెప్పడం, రెండూ తప్పే. సగటున నిమిషానికి 20 క్లిక్కులు నమోదు చేసే మీటరు ఒక నిమిషం 14, మరో నిమిషం 27 చూపడం సహజం. అది ఏ ఐసోటోపో కూడా ఆ మీటరు చెప్పలేదు.

దీన్ని ఎరువుల దుకాణంలోనే పరీక్షించి చూడవచ్చు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం పొటాష్ అంటే బరువులో సగం పొటాషియం. అంటే కిలోకు సుమారు 15,000 బెక్వెరళ్లు, అన్నీ సహజమైనవే. మీటరును ముందు ఖాళీ బల్ల మీద పది నిమిషాలు, తరువాత పొటాష్ బస్తాకు ఆనించి పది నిమిషాలు ఉంచి మొత్తం క్లిక్కులు లెక్కపెడితే కొద్దిపాటి పెరుగుదల కనబడుతుంది. పదిహేను వేల దగ్గరే అంత కొద్దిగా కదిలే మీటరు, అందులో నూట యాభయ్యో వంతు అయిన 100 బెక్వెరళ్లను పట్టుకోగలదా? జపాన్ 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహారానికి పెట్టుకున్న గరిష్ఠ పరిమితి ఆ 100 బెక్వెరళ్లే. జేబు మీటరు పెద్ద ప్రమాదం జరిగినప్పుడు నేల మీద ఎక్కువ పడిన చోటును వెతకడానికి పనికివస్తుంది. తిండిని కొలవడానికి పనికిరాదు. ఆ పనికి గామా స్పెక్ట్రోమీటరు, అంటే గామా కిరణాల శక్తిని బట్టి ఏ ఐసోటోపు ఎంత ఉందో చెప్పే యంత్రం, ఉన్న ప్రయోగశాల కావాలి. అక్కడికి నమూనాను సరిగ్గా చేర్చడం మన చేతిలో ఉన్న పని, కొలతలో ఎక్కువ పొరపాట్లకు తావున్నదీ అక్కడే.

పొలంలో నమూనా తీయడం

ముందుగా మూడు రకాల చోట్లు ఎంచుకోవాలి: కేంద్రానికి దగ్గరగా గాలివాలున ఉన్న పొలాలు, అదే దూరంలో గాలి తక్కువగా వీచే దిక్కున ఉన్నవి, యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో పోలిక కోసం తీసుకునేవి. మూడు చోట్లా నేల రకం, పంట రకం, సాగునీటి వనరు వీలైనంత ఒకటిగా ఉండాలి. పెన్న కాలువ కింద కోవూరు మాగాణిలో పండిన నెల్లూరు మసూరిని, కందుకూరు వైపు నల్లరేగడిలో పండిన శనగతో పోలిస్తే నేలల తేడా తెలుస్తుందే తప్ప కేంద్రం ప్రభావం తెలియదు. బంకమట్టి ఎక్కువగా ఉన్న నేల సీజియాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. తీరం వెంబడి వేరుశనగ పండే ఇసుక నేలలో, అందునా పొటాష్ తక్కువైన చోట, మొక్కలోకి ఎక్కువ వెళుతుంది.

కాలం కూడా ముఖ్యమే. మన తీరంలో అసలు వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది, గాలిలో ఉన్న పదార్థాన్ని నేలకు దింపేదీ ఆ వర్షమే. అప్పటికి వరి నారుమడిలోనో నాట్ల దశలోనో ఉంటుంది కాబట్టి గింజ మీద నేరుగా ఏమీ పడదు. ఆకుకూరల మీద మాత్రం వెంటనే పడుతుంది. అందుచేత వానాకాలపు తోటకూర, గోంగూర, పశుగ్రాసం, పాలు తాజా పరిణామాన్ని చూపుతాయి, ఫిబ్రవరి తరువాత కోసిన వడ్లు నేల నుంచి వేళ్ల ద్వారా ఏం వచ్చిందో చూపుతాయి. ఎడగారు పంటను విడిగా నమోదు చేయాలి, రెండు పంటకాలాల వడ్లను కలపకూడదు.

ఎకరం మడిలో ఒకేచోట ఐదు దుబ్బులు కోసి ఊరుకోకూడదు. మడి అంతటా అడ్డదిడ్డంగా నడుస్తూ పది చోట్ల నుంచి కోసి కలపాలి. గట్లు, నీరు లోపలికి వచ్చే మడవ, రోడ్డు పక్క, చెట్ల నీడ, ఎరువు బస్తాలు విప్పిన చోటు, గడ్డి కాల్చిన చోటు వదిలేయాలి. గడ్డి బూడిదలో సీజియం, పొటాషియం రెండూ కూడుకుని ఉంటాయి. బురద చిమ్మిన భాగం రాకుండా నేలకు జానెడు పైన కోయాలి. కోత మిషను దిగాక ఎవరి పొలంలోని వడ్లు ఎవరివో తెలియవు కాబట్టి మిషను రాకముందే నమూనా తీసుకోవాలి, కల్లంలో కుప్ప నుంచి తీసుకోకూడదు. వడ్లు మూడు కిలోలు, నిమ్మ, మామిడి వంటి పండ్లు మూడు కిలోలు, ఆకుకూరలు నాలుగు కిలోలు తీసుకోవాలి. ఆకుకూరలో పదింట తొమ్మిది వంతులు నీరే కాబట్టి ఎండాక మిగిలేది నాలుగు వందల గ్రాములే.

కోసిన పది చోట్లనే మట్టి కూడా తీయాలి. దున్నిన మాగాణిలో నాగలి దిగే లోతు వరకు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా, దున్నని బీడులో పై 5 సెంటీమీటర్లు విడిగా తీయాలి. పంటలోని సీజియాన్ని మట్టిలోని సీజియంతో భాగిస్తే వచ్చే బదిలీ నిష్పత్తి చాలా ఉపయోగకరమైన అంకె. వరి గింజకు అది సాధారణంగా వందో వంతు ప్రాంతంలో ఉంటుంది, నేలను బట్టి పది రెట్లు అటూ ఇటూ మారుతుంది. మట్టి నమూనా లేని పంట నమూనా సగం పనే.

తాజా బరువును పొలంలోనే, ఆకు వాడకముందే తూచి రాసుకోవాలి. ప్రతి సంచి మీద తేదీ, జీపీఎస్ గుర్తులు, పంట రకం, దశ, నీటి వనరు, వేసిన ఎరువులు, చివరి వాన ఎప్పుడు పడిందో చెరగని ఇంకుతో రాసి, అదే వివరం ఉన్న చీటీని మరో పాలిథిన్ కవరులో పెట్టి లోపల వేయాలి.

కడగాలా, వద్దా

కొలత ఉద్దేశాన్ని బట్టి ఇది నిర్ణయమవుతుంది. మనుషులు తినే తిండిలో ఎంత ఉందో కావాలంటే వంటింట్లో కడిగినట్టే కడగాలి. ఆకాశం నుంచి ఏం పడిందో కావాలంటే కడగకూడదు. నా అభిప్రాయంలో నమూనాను రెండుగా చేసి ఒక సగం కడిగి, ఒక సగం కడగకుండా కొలవడమే ఉత్తమం, ఎందుకంటే ఆ రెండింటి తేడా ఆకు మీద ఉన్నదెంత, ఆకులోకి వెళ్లినదెంత అన్నది వేరు చేసి చెబుతుంది.

గోంగూర కట్టను చూడండి. మన దగ్గర అది తరచు వేళ్లతో సహా పీకి అమ్ముతారు, వేళ్లకూ కాడల మొదళ్లకూ మట్టి అంటుకుని ఉంటుంది. మట్టిలో కిలోకు 5 బెక్వెరళ్ల పాత సీజియం ఉందని, ఎండిన ఆకులో కిలోకు 0.05 బెక్వెరళ్లు మాత్రమే ఉన్నాయని అనుకుందాం. వంద గ్రాముల ఎండు ఆకులో ఉండేది 0.005 బెక్వెరల్, దానితో పాటు రెండు గ్రాముల మట్టి పొడి కలిసిపోతే అదొక్కటే 0.01 బెక్వెరల్ తెస్తుంది. అంటే మొక్క తీసుకున్నదానికి రెండింతలు మట్టి నుంచే వచ్చి, ఫలితం మూడింతలుగా కనబడుతుంది. అందుకే వేళ్లను పొలంలోనే కత్తిరించి పారవేయాలి, కాడ మొదలు రెండంగుళాలు తీసేయాలి, నమూనాను ఆరుబయట దుమ్ములో ఎండబెట్టకూడదు.

సీజియం కోసమైతే 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి పొడి చేయాలి. పరిమాణం ఇంకా తగ్గించాలని బూడిద చేసేటప్పుడు 450 డిగ్రీలు దాటితే సీజియం కొంత ఆవిరై పోతుంది. అయోడిన్ కోసమైతే అసలు వేడి తగలకూడదు. పచ్చి ఆకును తరిగి అదే రోజు లేదా మరునాడే కొలవాలి. వడ్లను పొట్టుతో, దంపుడు బియ్యంగా, తెల్ల బియ్యంగా, తవుడుగా విడదీసి కొలిస్తే మరింత తెలుస్తుంది, ఎందుకంటే సీజియం తవుడులో ఎక్కువగా చేరుతుంది. తెల్ల బియ్యం బాగున్నా ఆ తవుడు గేదెలకు వెళుతుందని మరవకూడదు.

ప్రయోగశాలలో

పొడిని మారినెల్లి బీకర్‌లో నింపుతారు. అడుగున లోపలికి గుంట ఉండే ఈ పాత్ర డిటెక్టరు మీద తొడుగులా కూర్చుంటుంది, దాంతో నమూనా డిటెక్టరును పైనా చుట్టూ కమ్ముకుంటుంది. చుట్టూ పది సెంటీమీటర్ల మందాన సీసపు గోడ ఉంటుంది. డిటెక్టరు జెర్మేనియందా, సోడియం అయొడైడ్‌దా అని తప్పక అడగాలి. సీజియం-137 గామా కిరణం శక్తి 661.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. సహజమైన బిస్మత్-214 కిరణం 609 వద్ద, సీజియం-134 ముఖ్య కిరణం 605 వద్ద ఉంటాయి. ఒక్కో కిరణం స్పెక్ట్రంలో, అంటే శక్తిని బట్టి లెక్కింపులు చూపే గ్రాఫులో, ఒక శిఖరంగా కనబడుతుంది. ఆ శిఖరాన్ని రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పున గీసే జెర్మేనియం వీటిని విడదీస్తుంది. నలభై యాభై వెడల్పున గీసే సోడియం అయొడైడ్ వీటిని ఒకే గుట్టగా కలిపేస్తుంది. బూడిద చెరువుల పక్క పొలాలకు, అభ్రకం నేలలకు జెర్మేనియం లేకుండా చేసిన కొలతను నేను నమ్మను.

లెక్క కష్టమైనది కాదు. శిఖరంలోని లెక్కింపుల నుంచి ఖాళీ బీకరు చూపిన నేపథ్యాన్ని తీసివేసి, కాలంతో భాగించి, ఆ ఫలితాన్ని డిటెక్టరు సామర్థ్యం (వెలువడిన కిరణాల్లో అది పట్టుకునే వాటా), కిరణం వెలువడే పాళ్లు (విచ్ఛిన్నాల్లో ఆ కిరణం వచ్చే వాటా), నమూనా బరువు, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు 0.8 కిలోల బియ్యాన్ని 80,000 సెకన్ల పాటు కొలిస్తే 662 దగ్గర 650 లెక్కింపులు, అంతే కాలంలో నేపథ్యం 378 వచ్చాయనుకుందాం. నికరం 272. సెకనుకు 0.0034. సామర్థ్యం 2 శాతం, సీజియం-137 నుంచి ఈ కిరణం వెలువడే పాళ్లు 85 శాతం, 0.02ను 0.85తో, 0.8తో గుణిస్తే 0.0136. భాగిస్తే కిలోకు 0.25 బెక్వెరల్. అనిశ్చితి 650, 378ల మొత్తానికి వర్గమూలం, అంటే 32 లెక్కింపులు. కాబట్టి ఫలితాన్ని 0.25కు 0.03 అటూ ఇటూ అని రాయాలి. ఈ ఏర్పాటుతో పట్టుకోగలిగిన కనిష్ఠ పరిమాణం నేపథ్యపు వర్గమూలాన్ని 4.65తో గుణించి 2.71 కలిపితే వస్తుంది: 93 లెక్కింపులు, అంటే కిలోకు 0.09 బెక్వెరల్. అంతకన్నా తక్కువ వచ్చినప్పుడు నివేదికలో సున్నా అని రాయకూడదు, 0.09 కన్నా తక్కువ అని రాయాలి. కొలిచిన రోజు నుంచి నమూనా తీసిన రోజుకు వెనక్కి సవరించడం కూడా తప్పనిసరి. అయోడిన్ విషయంలో ఎనిమిది రోజుల ఆలస్యం అసలు అంకెను సగానికి దించుతుంది.

ప్రయోగశాల పనితనాన్ని పరీక్షించడానికి ఆ స్పెక్ట్రంలోనే సాక్షి ఉంది. 1461 దగ్గర పొటాషియం-40 శిఖరం తప్పక ఉంటుంది. గ్రాము పొటాషియానికి 31 బెక్వెరళ్లు కాబట్టి తెల్ల బియ్యంలో కిలోకు 30 ప్రాంతంలో, తోటకూరలో పచ్చి బరువు మీద 150కి పైన రావాలి. అది తలకిందులుగా వస్తే సీజియం అంకెనూ నమ్మనక్కరలేదు. దీనితో పాటు పది నమూనాలకు ఒకదాన్ని రెండుగా చేసి వేర్వేరు నంబర్లతో పంపితే ఫలితాలు నిలకడగా ఉన్నాయో లేదో తెలుస్తుంది.

స్ట్రాన్షియం-90, ట్రిటియం గామా కిరణాలు వెలువరించవు కాబట్టి ఈ యంత్రంలో కనబడవు. స్ట్రాన్షియంను రసాయనికంగా వేరుచేసి, దాని నుంచి పుట్టే యిట్రియం-90 పెరిగేదాకా రెండు వారాలు ఆగి కొలుస్తారు. ట్రిటియం కోసం నమూనాను గాలి చొరని సీసాలో పెట్టి గడ్డకట్టించి పంపాలి. ఎండబెట్టిన నమూనాలో ఆ నీరు పోయి ఉంటుంది. గడ్డకట్టించి పంపిన నమూనా నుంచి తీసిన నీటిని ద్రవ సింటిలేషన్ పద్ధతిలో, అంటే రేడియేషన్ తగిలితే మెరిసే ద్రవంలో కలిపి ఆ మెరుపులు లెక్కపెట్టి, కొలుస్తారు.

అంకెను చదవడం

మొదట చూడవలసింది ఆ అంకె పచ్చి బరువు మీదా, ఎండు బరువు మీదా అని. ఎండు గోంగూరలో 2 బెక్వెరళ్లు పచ్చి గోంగూరలో 0.2 కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే. ప్రమాదం తరువాత అంతర్జాతీయ వాణిజ్యానికి ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ సూచించిన స్థాయిలు సీజియం-134, 137కు కిలోకు 1,000 బెక్వెరళ్లు, స్ట్రాన్షియం-90, అయోడిన్-131కు 100. ఇవి రోజువారీ నిఘాకు కొలబద్దలు కావు. పక్క పొలంలో 0.1 ఉండగా ఇక్కడ 5 వచ్చిందంటే అది పరిమితిలోనే ఉన్నా కారణం వెతకవలసిన విషయమే.

మనిషికి దాని అర్థం చెప్పాలంటే తినే పరిమాణంతో గుణించాలి. ఏడాదికి 150 కిలోల బియ్యం తినే పెద్దవారికి పై ఉదాహరణలోని 0.25 బెక్వెరళ్ల చొప్పున 37.5 బెక్వెరళ్లు చేరతాయి, బెక్వెరల్‌కు 0.013 మైక్రోసీవర్ట్ (శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలమానం) చొప్పున అది సుమారు అర మైక్రోసీవర్ట్. సామాన్య ప్రజలకు ఏడాది పరిమితి 1,000 మైక్రోసీవర్ట్‌లు. పసిపిల్లలకు, ముఖ్యంగా పాలలోని అయోడిన్‌కు, ఈ గుణకం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి వారి లెక్క వేరుగా వేయాలి.

కొలత తరువాత చేయగలిగిన పని కూడా ఉంది. ఫుకుషిమాలో వరి పొలాలకు పొటాష్ వేసి మొక్కలోకి సీజియం రాకను తగ్గించారు, 2012 నుంచి ఏటా సుమారు కోటి బియ్యం సంచులను ఒక్కొక్కటిగా కొలిచారు; 2015 పంట నుంచి ఆ సంచుల పరీక్షలో పరిమితి దాటినది ఒక్కటీ లేదు.

మన దేశంలో ఎగుమతి సరుకులకు రేడియోధార్మికత పరీక్ష చేసి పత్రం ఇచ్చే పని అణుశక్తి విభాగం కింద నవీ ముంబైలో ఉన్న బ్రిట్ (బోర్డ్ ఆఫ్ రేడియేషన్ అండ్ ఐసోటోప్ టెక్నాలజీ) సంస్థ చేస్తోంది. భౌతిక శాస్త్ర విభాగంలో జెర్మేనియం డిటెక్టరు ఉన్న విశ్వవిద్యాలయాలను కూడా అడగవచ్చు. పంపేముందు వారి కనిష్ఠ పరిమాణం ఎంతో, బీకరు కొలత ఎంతో, ఫలితంతో పాటు స్పెక్ట్రం ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పంపిన తరువాత మిగిలిన ఎండు ధాన్యం అరకిలో, మట్టి అరకిలో మూత బిగించిన గాజు సీసాల్లో, పొలంలో రాసిన చీటీతో సహా భద్రపరచాలి. సీజియం-137 పదేళ్ల తరువాత కూడా ఐదింట నాలుగు వంతులు మిగిలే ఉంటుంది, కనుక అప్పుడు మెరుగైన డిటెక్టరు దొరికితే అదే ధాన్యాన్ని మళ్లీ కొలిచి, ఈనాటి తేదీకి లెక్క సవరించుకోవచ్చు.